మాల్గుడి చూడాలని నాకు, ఊటీ వెళ్దామని ఆయనకి

ప్రశ్న: మాది అనంతపురం. పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలేసి నేనూ మా ఆయనా ఒక వీకెండ్ ఎక్కడికైనా వెళ్దాం అనుకుంటున్నాం, శని, ఆది, సోమ ఈ మూడు రోజులే కుదురుతుంది. నాకు చిన్నప్పట్నుంచి మాల్గుడి డేస్ అంటే ప్రాణం, ఆ మ్యూజిక్ ఇప్పుడు విన్నా ఏదోలా అయిపోతుంది, అది తీసిన ఊరు కర్ణాటకలో నిజంగానే ఉందని తెలిసినప్పట్నుంచి వెళ్లాలని ఒకటే కోరిక. మా ఆయనేమో ఆ సీరియల్ సరిగ్గా చూసిందే లేదు, టీవీలో వచ్చిన ఊరు చూడ్డానికి అంతదూరం ఎందుకు ఊటీ పోదాం అంటారు. అక్కడ చూడ్డానికి ఇంకా ఏమన్నా మిగిలి ఉందా? ఆయనకి బోర్ కొట్టకుండా ప్లాన్ ఎలా చేసుకోవాలి?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. కాకపోతే వెళ్లే ముందు మీకు కొన్ని విషయాలు తెలియాలి, లేకపోతే అక్కడికెళ్లి మీరే డీలా పడిపోతారు.

మాల్గుడి అనే ఊరు ఎక్కడా లేదు, అది ఆర్.కె. నారాయణ్ గారు ఊహించుకుని రాసింది, 1935లో వచ్చిన స్వామి అండ్ ఫ్రెండ్స్ తోనే ఆ ఊరు మొదలైంది. దాన్ని టీవీకి తీసినప్పుడు డైరెక్టర్ శంకర్ నాగ్ ఎక్కువ భాగం శివమొగ్గ జిల్లాలోని ఆగుంబె అనే చిన్న ఊళ్లో షూట్ చేశారు. 1986లో దూరదర్శన్ లో మొదలైంది కదా, స్వామిగా మాస్టర్ మంజునాథ్, వాళ్ల నాన్నగా గిరీష్ కర్నాడ్, బొమ్మలు నారాయణ్ గారి తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ వి, మీకు అంత ఇష్టమైన ఆ మ్యూజిక్ ఎల్. వైద్యనాథన్ ది. శంకర్ నాగ్ 1990లో యాక్సిడెంట్ లో పోయారు, 35 ఏళ్లకే. ఆ వయసులో ఆయన చేసి వెళ్లిన పని చూస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇక అక్కడ మిగిలింది ఏంటంటే, సెట్ అంటూ ఏమీ ఉండదు. ఆగుంబె అంటే ఒక వీధి, దానికి రెండువైపులా పాత పెంకుటిళ్లు, నాలుగు కొట్లు, చుట్టూ అడవి, అంతే. కథలో వచ్చే సర్ ఫ్రెడరిక్ లాలీ విగ్రహం కోసం అక్కడ వెతక్కండి, అది షూటింగ్ కోసం పెట్టింది. కానీ దొడ్డమనె ఉంది. స్వామి ఇల్లుగా మీరు చూసింది అదే, వందేళ్లు దాటిన పెద్ద చెక్క ఇల్లు, మధ్యలో మండువా, నల్లగా నున్నగా మెరిసే స్తంభాలు. ఆ వసారా, ఆ మండువా చూడగానే మీకు స్వామి అక్కడే ఎక్కడో దాక్కున్నాడేమో అనిపించడం ఖాయం. అయితే గుర్తుపెట్టుకోండి, అది మ్యూజియం కాదు, ఒక కుటుంబం కాపురం ఉండే ఇల్లు. ముందే ఫోన్ చేసి అడగండి, వాళ్లు సరే అంటేనే వెళ్లండి, వంటింట్లోకీ పూజగదిలోకీ ఫోన్ పట్టుకుని దూరిపోవద్దు. వచ్చినవాళ్లకి అక్కడ కషాయం ఇస్తారు, ధనియాలు జీలకర్ర వేసి పాలు బెల్లంతో కాచింది, చలికి చాలా బావుంటుంది. భోజనం శాకాహారమే.

రెండోది అరసాళు రైల్వే స్టేషన్. సీరియల్లో రైలు వచ్చే సీన్లు కొన్ని అక్కడే తీశారు. శివమొగ్గ నుంచి తాళగుప్ప వెళ్లే లైన్లో ఉంటుంది, పాత స్టేషన్ బిల్డింగ్ పాడుబడిపోతుంటే రైల్వే వాళ్లు బాగు చేయించి 2020లో మాల్గుడి మ్యూజియంగా తెరిచారు. ఆ పని చేసింది కూడా అప్పట్లో ఆ సీరియల్ కి ఆర్ట్ డైరెక్టర్ గా పనిచేసిన జాన్ దేవరాజే, అందుకే అక్కడ బొమ్మల్లో ఆ ప్రేమ కనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది ప్లాన్ తప్పుతుంది. అరసాళు, ఆగుంబె పక్కపక్కన ఉంటాయనుకుంటారు, కాదు. అరసాళు శివమొగ్గకి వాయవ్యంగా ముప్పై ముప్పై ఐదు కిలోమీటర్లు, ఆగుంబె ఏమో నైరుతి వైపు తొంభై దాకా. మీరు శనివారం తెల్లవారుజామునే కార్లో బయల్దేరి కళ్యాణదుర్గం, చళ్లకెర, చిత్రదుర్గ మీదుగా వెళ్తే మధ్యాహ్నానికి శివమొగ్గ చేరతారు, భోంచేసి నేరుగా అరసాళు వెళ్లి ఒక గంట స్టేషన్లో గడపండి, మళ్లీ శివమొగ్గ వెనక్కి రాకుండా రిప్పన్ పేట, హుంచ, తీర్థహళ్లి మీదుగా ఆగుంబె వెళ్లిపోండి. మలుపుల రోడ్డు కాబట్టి చీకటి పడకముందే చేరేలా చూసుకోండి. హుంచలో పాత జైన క్షేత్రం ఉంది, పద్మావతి అమ్మవారి గుడి, టైం ఉంటే ఆగండి, లేకపోతే వదిలేయండి.

ఇప్పుడు మీ ఆయన సంగతి. నన్నడిగితే ఆయన్ని మాల్గుడి పేరు చెప్పి ఒప్పించే ప్రయత్నమే చెయ్యొద్దు, వాన పేరు చెప్పండి. మన అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. ఆగుంబెలో పడేది దాదాపు 7,600. పద్నాలుగేళ్లలో మన మీద పడే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుందన్నమాట. అరేబియా సముద్రం మీంచి వచ్చే మేఘాలు కొండకి తగిలి అక్కడే కుమ్మరించేస్తాయి, అందుకే దాన్ని దక్షిణాది చిరపుంజి అంటారు. చినుకు కోసం మొహం వాచిపోయి ఆకాశం చూస్తూ పెరిగినవాళ్లకి, రోజంతా ఆగకుండా పెంకుల మీద పడే ఆ వాన చప్పుడు వింటూ ఒక గదిలో కూర్చోవడం ఎంత బావుంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఊటీలో ఈ వాన దొరకదు.

కానీ వాన కావాలంటే జూన్ చివరి నుంచి ఆగస్టు, ఆ టైంలో సూర్యాస్తమయం చూడటం కుదరదు, దారిలో చెట్లు పడొచ్చు, ఘాట్ లో కొండచరియలు జారొచ్చు, జలగలు కాళ్లకి పట్టుకుంటాయి (జలగ పట్టుకుంటే కంగారుపడి లాగొద్దు, కొంచెం ఉప్పు తగిలిస్తే వదిలేస్తుంది, ఒక పొట్లంలో ఉప్పు ఉంచుకోండి). అన్నీ చూడాలి అంటే అక్టోబర్ నుంచి జనవరి మంచిది. ఊరు దాటి ఘాట్ రోడ్డు మీద సన్ సెట్ పాయింట్ ఉంది, ఆకాశం తేటగా ఉన్న సాయంత్రం అక్కణ్ణుంచి దూరంగా అరేబియా సముద్రం మీద సూర్యుడు దిగడం కనిపిస్తుంది. మొదటిసారి వెళ్తున్నారు, పిల్లలు ఇంట్లో ఉన్నారు కాబట్టి నేనైతే అక్టోబర్ అంటాను, అప్పటికి పెద్ద వానలు తగ్గి ఉంటాయి, అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది, ఒకట్రెండు జల్లులు కూడా తగలొచ్చు.

ఆదివారం పూర్తిగా ఆగుంబెకే ఇచ్చెయ్యండి. తెల్లవారుజామున కుందాద్రి కొండ, పైన పార్శ్వనాథుడి గుడి, రాతిలో నీటి గుంటలు, కింద మొత్తం పొగమంచు. చివర్లో రోడ్డు బాగా నిటారుగా ఇరుకుగా ఉంటుంది, ఘాట్ అలవాటు లేకపోతే లోకల్ డ్రైవర్ని పెట్టుకోండి. పొద్దెక్కాక వెనక్కొచ్చి ఆ వీధిలో ఊరికే నడవండి, దొడ్డమనె చూడండి, మధ్యాహ్నం నిద్రపోండి, సాయంత్రం సన్ సెట్ పాయింట్. జోగిగుండి అనే జలపాతం కూడా ఊరికి దగ్గరే, కానీ నీళ్లలోకి దిగొద్దు. బర్కణ లాంటి జలపాతాలు అడవి లోపల ఉన్నాయి, అటవీశాఖ పర్మిషన్ లేకుండా ఎవరో తీసుకెళ్తామంటే వెళ్లొద్దు. రాచనాగులు ఉండే అడవి అది, వాటి మీద పరిశోధన కోసమే పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో అక్కడ ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. భయపడాల్సిన పనేం లేదు, చీకట్లో టార్చి లేకుండా తిరక్కపోతే చాలు.

సోమవారం పొద్దున్నే శృంగేరి, ఆగుంబె నుంచి గంట లోపే, శారదమ్మ దర్శనం చేసుకుని తుంగ ఒడ్డున చేపలకి మరమరాలు వేసి బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉంటారు. మీ అమ్మగారు కూడా సంతోషిస్తారు.

ఇంకొక్క మాట, ఇది చెయ్యకుండా మాత్రం వెళ్లకండి. వెళ్లే ముందు వారంలో రోజూ రాత్రి ఒక ఎపిసోడ్ ఇద్దరూ కలిసి చూడండి, ఒక్కోటి అరగంట కూడా ఉండదు. అది కూడా స్వామి కథలతోనే మొదలుపెట్టండి. లెక్కలు చేయించే నాన్న ముందు స్వామి నిలబడే సీన్ చూసి నవ్వని మగాడిని నేను ఇంతవరకు చూళ్లేదు, ప్రతివాడికీ ఇంట్లో అలాంటి నాన్నే ఉంటాడు కదా. అది చూశాక దొడ్డమనె వసారాలో మీ ఆయనే మీకంటే ముందు ఫోటో అడుగుతారు. నచ్చకపోయినా పర్లేదు, మీరు ఇంట్లో కూర్చుని ఆ ఇంటి వాళ్లతో మాట్లాడుకోండి, ఆయన్ని వీధి చివర టీ కొట్టు దగ్గర వదిలేయండి. ప్రతి చోటా ఇద్దరికీ ఒకేలా సంబరం కలగాలని పట్టు పడితేనే ట్రిప్పులు పాడవుతాయి.

ప్రశ్న: నేనూ నా భార్యా ఇద్దరం రిటైర్డ్ టీచర్లం, రాజమండ్రి. ముంబైలో అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అప్పట్లో ఆదివారం పొద్దున వీధంతా మా ఇంట్లోనే కూర్చుని రామాయణ్ సీరియల్ చూసేవాళ్లు. అది తీసింది ఉంబర్ గావ్ లో అని విన్నాం, ముంబై నుంచి వెళ్లి రావచ్చా?

జవాబు: వెళ్లి రావచ్చు మాస్టారూ, గుజరాత్ సరిహద్దు దాటగానే వస్తుంది, ట్రైన్లో మూడు గంటల లోపే, ఉమర్గాం రోడ్ స్టేషన్లో దిగాలి. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా మీరు చూసిందంతా ఎక్కువగా అక్కడి స్టూడియోలో వేసిన సెట్లే. కానీ అదంతా అప్పటికప్పుడు కట్టుకున్న అయోధ్య, లంక. ఇప్పుడు వెళ్తే సముద్రం, సరుగుడు చెట్లు బావుంటాయి గానీ మీరు వెతుక్కుంటూ వెళ్లేది అక్కడ దొరకదు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు కూడా ఉంటే అసలు వద్దు.

దానికి బదులు రెండ్రోజులు నాసిక్ వెళ్లండి అంటాను. పంచవటి, సీతాగుఫా, రామకుండం అక్కడే, పక్కనే త్ర్యంబకేశ్వరం. బ్రహ్మగిరి కొండ దగ్గర పుట్టిన ఆ సన్నటి ధారే వెయ్యి కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసి మీ పుష్కరాల రేవు దగ్గరికొచ్చి సముద్రమంత అవుతుంది. పుట్టినప్పట్నుంచి గోదావరి నీళ్లు తాగినవాళ్లు ఆ చోటు ఒక్కసారైనా చూడాలి.

ప్రశ్న: మాకు కారు లేదు, ఇద్దరికీ డ్రైవింగ్ రాదు. మాల్గుడి స్టేషన్, ఆగుంబె రెండూ చూడాలంటే ఎలా?

జవాబు: బెంగళూరు వెళ్లి అక్కణ్ణుంచి రాత్రి ట్రైన్లో శివమొగ్గ వెళ్లిపోండి, తెల్లారేసరికి దిగుతారు. అరసాళు స్టేషన్లో అన్ని ట్రైన్లూ ఆగవు, ఏది ఆగుతుందో టికెట్ తీసుకునే ముందే చూసుకోండి, కుదరకపోతే శివమొగ్గలో టాక్సీ మాట్లాడుకుని అరసాళు చూపించి తీర్థహళ్లిలో దింపమనండి. తీర్థహళ్లి నుంచి ఆగుంబెకి బస్సులున్నాయి, ఉడుపి వెళ్లే చిన్న బస్సులు ఆగుంబె మీదుగానే ఘాట్ దిగుతాయి. వానాకాలంలో ఘాట్ మూసేస్తుంటారు, బయల్దేరే రోజు పొద్దున బస చేసే చోటికి ఫోన్ చేసి రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. ఊళ్లో గదులు తక్కువ, అక్కడికెళ్లి చూసుకుందాంలే అనుకోవద్దు.