సలహా మండలికి సభ్యులు: పేర్లు చూడకముందే చేయాల్సిన పని
పరిశోధన నిధులపై సలహా ఇచ్చే మండలిలో 12 స్థానాలకు 40 పేర్లొచ్చాయి, సగం ఒకే సంస్థవాళ్లు, ఎవర్ని తీసుకున్నా మాట పడాలని కదండీ మీ టెన్షన్. ముందు ఆ జాబితా పక్కన పెట్టండి. ఆ సలహా ఇవ్వడానికి ఏయే రంగాలు తెలిసినవాళ్లు కావాలో రాసి, అందరికీ ప్రకటించండి. తర్వాతే పేర్లు చూడండి. ఎంపిక చేసే ముగ్గురు ఒక్కో పేరుకు విడివిడిగా మార్కులు వేసి, కారణం కూడా రాయాలి. చర్చ ఆ తర్వాతే. లేకపోతే పెద్దాయన నోరు విప్పగానే అందరి మార్కులూ అటే వెళ్తాయి.

'నిధుల కోసం తనవాళ్ల దరఖాస్తు వస్తే సభ్యుడు పక్కకు తప్పుకుంటాడు' అన్న నియమం ఒక్కటే చాలదు. స్వీడన్ వైద్య పరిశోధన మండలిపై 1997లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి: పరిచయమున్న సభ్యుడు మార్కులు వేయకపోయినా, తోటి సభ్యులు ఆ దరఖాస్తుకు ఎక్కువే వేశారు. అందుకే ఒక్కో సంస్థ నుంచి ఒక్కరికి మించి వద్దు. పదవీకాలం మూడేళ్లు పెట్టి, ఏటా నలుగురిని మార్చండి.