లీవుకొచ్చే ఆర్మీ తమ్ముడికి బైక్ ట్రైనింగ్ కావాలా?

చెల్లెమ్మా, మీ తమ్ముడు ఆర్మీలో డ్రైవరు, నెల లీవు మీద శ్రీకాకుళం జిల్లా టెక్కలి వస్తున్నాడు, ఆర్మీ క్యాంటీన్ రేటులో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకుంటానంటున్నాడు, కాస్త ప్రాక్టీసు చెయ్యరా అంటే "రోజూ త్రీ టన్ లారీ తోలేవాడికి బైక్ నేర్పుతారా" అని నవ్వేస్తున్నాడు, అమ్మకి టెన్షన్. ఇదే కదా మీ ప్రశ్న. నేను ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ)లో డ్రైవరుగా చేసి రిటైరై ఎచ్చెర్ల దగ్గర ఉంటున్నాను, లీవు కుర్రాళ్ళని చాలామందిని చూశాను. నేర్చుకోవాల్సిందే, అదీ మెట్టుమెట్టుగా.

ఆ త్రీ టన్ ఎలా నేర్చుకున్నాడో అతన్నే అడగండి. మొదటిరోజే జవాన్లని ఎక్కించి ఘాట్ రోడ్డు మీదకి పొమ్మన్నారా? ముందు గ్రౌండ్, తర్వాత పక్కన నేర్పే ఉస్తాద్‌ని పెట్టుకుని ఖాళీ బండితో రోడ్డు, ఆ తర్వాత రాత్రి, కాన్వాయ్, కొండదారి. పొద్దున్నే ఫస్ట్ పరేడ్ అనే బండి తనిఖీలో టైర్లు, ఆయిలు, లైట్లు, బ్రేకు చూసుకోవాలి, దారిలో ఆగితే హాల్ట్ పరేడ్, సాయంత్రం లాస్ట్ పరేడ్. కార్ డైరీ అనే బండి పుస్తకంలో రాయకుండా బండి గేటు దాటదు. గవర్నమెంటు బండికి ఇంత చేసినవాడు సొంత బండికొచ్చేసరికి షోరూమ్‌లో తాళం తీసుకుని నిమ్మకాయలు తొక్కించి నేరుగా హైవే ఎక్కేస్తాడు. నాకు అర్థంకానిది అదే.

ఇదేమీ మనవాళ్ళకే ఉన్న జబ్బు కాదు. 2008లో అమెరికా మెరైన్ల లెక్క బయటికొచ్చింది. దాదాపు ఏడాది కాలంలో ఇరాక్ యుద్ధంలో చనిపోయినవాళ్ళు 20 మంది అయితే, మోటార్ సైకిళ్ళ మీద పోయినవాళ్ళు 25 మంది, వాళ్ళలో ఒక్కడు తప్ప అందరూ స్పోర్ట్స్ బైకుల వాళ్ళే. అమెరికా ఆర్మీలో సైనికుడు బైక్ తొక్కాలంటే ముందు బేసిక్ కోర్సు, ఏడాది లోపు దానిపై కోర్సు చెయ్యాలి. 180 రోజులు దాటి బయట డ్యూటీ చేసి వచ్చినవాడైతే సొంత బండి తీసే ముందు రిఫ్రెషర్ కూడా ఉంటుంది. డ్యూటీలో లేకపోయినా, క్యాంపు బయటైనా రూలు రూలే. ఆ రిఫ్రెషర్ రూలే మీ తమ్ముడికి ముఖ్యం, ఎందుకంటే నెలల తరబడి బైక్ ముట్టుకోనివాడికి ధైర్యం అలాగే ఉంటుంది, చేతులకి అలవాటే తప్పిపోతుంది.

పాత బుల్లెట్లకి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. మా దగ్గర వాటి మీద ఏళ్ళ తరబడి డాక్ (టపా) మోసిన ఒకాయన కొత్త బండి ఎక్కితే, కుక్క అడ్డొచ్చిన క్షణంలో ఎడమకాలితో గేరు లివర్ గట్టిగా తొక్కాడు, బ్రేకు అనుకుని! బుర్రకి తెలుసు, కాలికి తెలియలేదు. ఇంట్లో స్ప్లెండర్ తొక్కిన అలవాటుతో మీవాడు ఎక్కబోయే బండికీ ఇలాంటి తేడానే ఉంది. స్ప్లెండర్ 112 కిలోల చిల్లర, క్లాసిక్ దాదాపు 195. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు ఒరిగిందంటే కాలు ఆన్చి ఆపడం కుదరదు.

మరి ఇక్కడ ఎవరు నేర్పుతారు అంటారా, మనమే చేసుకోవచ్చు. కాలేజీ గ్రౌండో, కోత అయిపోయిన కళ్ళమో, ఏదైనా ఖాళీ చోటు చూసుకుని ముందు నడక స్పీడులో ఎనిమిది అంకె తిప్పమనండి. తర్వాత రెండు పాత చెప్పులు గుర్తుగా పెట్టి, 30లో వచ్చి అక్కడ రెండు బ్రేకులూ కలిపి నొక్కి ఎక్కడ ఆగుతుందో అడుగులతో కొలవాలి. ముందు బ్రేకుని ఒక్కసారి లాగకూడదు, పిండుతున్నట్టు పెంచుకుంటూ పోవాలి, ఆపే బలం ఎక్కువగా దాన్లోనే ఉంది. అది కుదిరాక 40, ఆ తర్వాత 50. స్పీడు రెట్టింపైతే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగు రెట్లవుతుందని పుస్తకంలో చదివితే ఎక్కదు, చెప్పుల దగ్గర చూస్తే ఎక్కుతుంది. ఏబీఎస్ ఉందిగా అంటాడేమో, అది చక్రం పట్టేయకుండా చూస్తుంది, దూరాన్ని మాయం చెయ్యదు.

తర్వాత పగటిపూట ఊరి రోడ్లు. ఆ తర్వాతే హైవే, అదీ ఒంటరిగా. మన 16వ నంబరు హైవే వెడల్పుగా, నున్నగా ఉంటుంది కానీ దాబా దగ్గర్నుంచి రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, డివైడర్ గ్యాపులో తోక లైటు లేకుండా అడ్డం తిరిగే ట్రాక్టర్ ట్రాలీలు, చిలకపాలెం లాంటి జంక్షన్ల దగ్గర ఫార్మా కంపెనీల బస్సు కోసం పరిగెత్తేవాళ్ళు, ఇవేవీ కంటోన్మెంట్ రోడ్డు మీద ఉండవు. 60లో పోతున్న బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుందని గుర్తుంచుకోమనండి, కంగారు పడేలోపే ట్రాలీ కిందకి వెళ్ళిపోతారు. వెనక మనిషిని ఎక్కించుకోవడం ఆ తర్వాత. రాత్రి తోలడం అన్నిటికంటే చివర, అందులోనూ కోతల సీజన్లో అసలు వద్దు, ఊరి రోడ్డు మీద సగం వరకు ధాన్యం ఆరబోసి అంచున రాళ్ళు పేరుస్తారు, గింజల మీద బ్రేకు వేస్తే ఏ ఉస్తాద్ పాఠమూ పనిచెయ్యదు.

హెల్మెట్ సంగతి ఒక్క మాట. యూనిట్ గేటు దగ్గర మిలిటరీ పోలీసులు ఉంటారు కాబట్టి అక్కడ వెనక కూర్చున్నవాడు కూడా పెట్టుకుంటాడు, ఊరి పొలిమేర రాగానే అదే హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీదకొస్తుంది. ఐఎస్ఐ గుర్తుండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి, అమ్మ వెనక ఎక్కితే అమ్మకీ ఒకటి ఉండాలి. ఆర్మీ ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు ఆర్మీ బళ్ళకే, సొంత బండికి ఆర్టీవో లైసెన్సు, గేరున్న మోటార్ సైకిల్‌ది ఉండాలి. అది లేకపోతే ఇన్సూరెన్స్‌లో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ దగ్గర కూడా పేచీ వస్తుంది.

బండి డెలివరీ లీవు మొదటి వారంలోనే తీసుకోమనండి, చివర్లో తీసుకుంటే పెళ్ళిళ్ళకీ స్నేహితులకీ తప్ప గ్రౌండ్‌కి టైము ఉండదు. అతను వెళ్ళాక బ్యాటరీ వైరు తీసేసి, తాళం మీ దగ్గరే పెట్టుకోండి, ఊళ్ళో కుర్రాళ్ళు ఒక్క రౌండు అని అడుగుతారు, ఇవ్వకండి. వచ్చే లీవులో టైర్ల గాలి, బ్రేకులు చూసుకుని మళ్ళీ గ్రౌండ్ నుంచే మొదలుపెట్టమనండి.