వాన అంతే పడుతున్నా నగరాల్లో వరద ఎందుకు పెరుగుతోంది?

వాన మునుపటంతే పడినా, ఊరు పెరిగేకొద్దీ వీధులు ఎందుకు మునుగుతున్నాయని కదా మీ ప్రశ్న. చిన్న లెక్క చూడండి. 100 చదరపు మీటర్ల మీద 50 మిల్లీమీటర్ల వాన అంటే 5,000 లీటర్లు. మట్టి, గడ్డి ఉన్న నేలైతే అందులో చాలా భాగం ఇంకిపోతుంది, కొంత గుంటల్లో ఆగుతుంది, మిగిలింది మెల్లగా పారుతుంది. అదే చోట ఇల్లు కట్టి చుట్టూ సిమెంటు చేసేస్తే దాదాపు మొత్తం నిమిషాల్లో రోడ్డెక్కుతుంది. వేల ఇళ్ల నీళ్లు ఇలా ఒకేసారి వచ్చిపడితే ఏ కాలువైనా పొంగాల్సిందే. నన్నడిగితే నీళ్ల మొత్తం కంటే ఈ వేగమే ఎక్కువ భయపెడుతుంది.

ఇక నేల తీరు మార్చడం. పల్లంలో మట్టి పోసి ఎత్తు చేస్తే మన ప్లాటు మునగదు, కానీ అక్కడ నిలవాల్సిన నీళ్లు పక్కవాళ్ల గుమ్మంలోకి వెళ్తాయి. వాగుని తిన్నగా చేసి గట్లు కడితే పైవాళ్లకి తొందరగా తగ్గుతుంది, దిగువ వాళ్ల మీదకి ముంచుకొస్తుంది. పాత తారు తీయకుండా పొర మీద పొర వేస్తూ పోవడం ఇంకో తప్పు, దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ కొన్నేళ్లకి గుమ్మమే రోడ్డు కంటే కిందకి పోతుంది. మెత్తటి ఒండ్రు నేలల్లో బోర్లతో అదేపనిగా తోడితే నేల కూడా కుంగుతుంది.

స్థలం కొనేముందు పాత మ్యాపులో వాగు దారి ఎక్కడుందో తప్పక చూడండి. పూడ్చేసినా పెద్ద వానకి నీళ్లు అటే వస్తాయి.