పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తాత్కాలిక పాస్టరు, కొత్త సంఘం

ప్రశ్న: ఒక లూథరన్ సంఘంలో పాస్టరుగారు రిటైరయ్యారు. కొత్తవారు వచ్చేదాకా నన్ను తాత్కాలిక పాస్టరుగా పంపుతున్నారు. మొదటి ఆదివారానికి ముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు: ప్రసంగం సంగతి తర్వాత, ముందు వాళ్ల ఆరాధన క్రమం చేతికి తెచ్చుకోండి. గత రెండు మూడు నెలల ఆరాధన పత్రాలు సంఘ కార్యదర్శిని అడిగితే ఇస్తారు. పాపపు ఒప్పుకోలు ఎక్కడ వస్తుంది, ఏ భాగాలు పాడతారు, ఏవి చదువుతారు, అపొస్తలుల విశ్వాస ప్రమాణమా నైసీయ విశ్వాస ప్రమాణమా, ఎప్పుడు నిలబడతారు అన్నవి అందులోంచి రాసుకోండి. ఏ ఆదివారం ఏ బైబిలు పాఠాలు చదవాలో చెప్పే పట్టీ ఉంటుంది. పాఠాలు మూడేళ్ల పట్టీ ప్రకారమా, ఒక ఏడాది పట్టీ ప్రకారమా అన్నది తప్పకుండా అడగాలి. మూడేళ్ల పట్టీలో మత్తయి, మార్కు, లూకా ఏడాదికొకటి చొప్పున తిరుగుతాయి. ఇప్పుడు నడుస్తున్నది ఏ ఏడాదో తెలియకపోతే మీరు సిద్ధం చేసిన వాక్యం ఒకటి, చదివే పాఠం ఇంకొకటి అవుతుంది.

శనివారం సాయంత్రం ఆల్టరు (ప్రభు భోజనపు బల్ల) సిద్ధం చేసేవాళ్లతో గుడిలో ఒక గంట గడపండి. అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు ప్రభు భోజనం గురించే అడగాలి. వేఫర్లా (పలుచని చిన్న బిళ్లలు), రొట్టెనా? ఒకే పాత్రలోంచి ఇస్తారా, చిన్న కప్పుల్లోనా? ఆల్టరు చుట్టూ మోకరిస్తారా, వరుసలో నడిచొస్తారా? ద్రాక్షారసం తీసుకోలేనివాళ్లకు ఏం ఏర్పాటుంది? పిల్లలకు ఇస్తారా, ఆశీర్వాదం మాత్రమేనా? మిగిలినది ఏం చేస్తారు? ప్రసంగంలో మాట తడబడితే జనం సర్దుకుంటారు. బల్ల దగ్గర మాత్రం ఏళ్ల తరబడి ఒకే దారిలో నడిచినవాళ్లు దారి మారితే ఆగిపోతారు, వెనకవాళ్లు గందరగోళపడతారు, ప్రార్థనలో ఉండాల్సిన మనసు చెదిరిపోతుంది.

ప్రభువు ఈ భోజనాన్ని నియమించిన మాటలు (‘ఇది నా శరీరము’ అన్నవి) మీకు కంఠస్థమే అయినా వాళ్ల పుస్తకంలోంచే చదవండి. వేఫర్లు మామూలుగా వచ్చే సంఖ్యకన్నా ఎక్కువే పెట్టించండి, కొత్త పాస్టరును చూడ్డానికి ఆ రోజు ఎక్కువమంది వస్తారు. మధ్యలో అయిపోతే కొత్తగా తెచ్చినవాటి మీద ఆ మాటలు మళ్లీ పలికి పంచాలి.

మొదటి మూడు నెలలు ఆరాధనలో ఏదీ మార్చకండి. మీకు నచ్చని పద్ధతి వెనక ఏ కారణముందో అప్పటికింకా మీకు తెలియదు.

ప్రశ్న: సంఘంలో కుటుంబాలు చాలా ఉన్నాయి, నాకున్నది కొద్ది కాలం. ఎవరింటికి ముందు వెళ్లాలి?

జవాబు: మంచాన పడ్డవాళ్ల దగ్గరికి, గత ఏడాదిలో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి ముందు. పాస్టరు లేని వారాల్లో ప్రభు భోజనం అందక ఎదురుచూసేది వాళ్లే. తర్వాత కమిటీ పెద్దలు, ఖజాంచి, వాయిద్యకారుడు, సండేస్కూలు టీచర్లు. ఆ తర్వాత, గుడికి రావడం మానేసినవాళ్లు. వాళ్లింటికి వెళ్లినప్పుడు ‘ఎందుకు రావడం లేదు?’ అనకండి. ‘పలకరించి పోదామని వచ్చాను’ అంటే చాలు, చెప్పాలనుకున్నది వాళ్లే చెబుతారు.

ఒక్కో ఇంట్లో అరగంట, మహా అయితే ముప్పావు గంట. ఈ సంఘంలోకి ఎలా వచ్చారు, ఇక్కడ ఏది పోతే మీకు బాధ, ఏ విషయంలో మనసు నొచ్చుకుంది? ఈ మూడూ అడిగి మీరు వినండి. పేర్లు, జబ్బులు, చనిపోయినవాళ్ల తేదీలు ఆ రోజే రాసుకోండి. పాపపు ఒప్పుకోలుగా చెప్పినది మాత్రం ఎక్కడా రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు.

మొదటి వారమే ఇంటికి పిలిచి పాత గొడవలన్నీ విప్పేవాళ్లుంటారు. వినండి గానీ తీర్పు చెప్పకండి, అవతలివాళ్ల మాట ఇంకా వినలేదు కదా.

ప్రశ్న: నేను కమిటీ సభ్యుణ్ణి. రిటైరైన అయ్యగారు ఇప్పటికీ పెళ్లిళ్లు, భూస్థాపనలు జరిపిస్తున్నారు. ఇప్పుడున్న తాత్కాలిక అయ్యగారు చిన్నబుచ్చుకుంటున్నారు. ఎలా సర్దాలి?

జవాబు: లూథరన్ల ముఖ్య విశ్వాస పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 14వ అధికరణం ప్రకారం, క్రమప్రకారం పిలుపు పొందనివారు సంఘంలో బహిరంగంగా బోధించకూడదు, సంస్కారాలు జరపకూడదు. మీ సంఘానికి ఇప్పుడు ఆ బాధ్యత తాత్కాలిక పాస్టరుగారిది. పాతవారితో స్నేహం ఎప్పటిలాగే ఉండొచ్చు, పాస్టరు పనులు మాత్రం ఆగాలి.

ఈ మాట కమిటీ అధ్యక్షుడే పెద్దాయన ఇంటికి వెళ్లి గౌరవంగా చెప్పాలి, తాత్కాలిక పాస్టరుగారి చేత చెప్పించకండి. ఇకమీద ఏ కుటుంబమైనా పిలిస్తే ‘ముందు అక్కడి అయ్యగారితో మాట్లాడండి, ఆయన రమ్మంటే వస్తాను’ అనమని కోరండి. చావు ఇంట్లో పట్టుదలకు పోవద్దు. తాత్కాలిక పాస్టరుగారు కార్యక్రమం నడిపి, పెద్దాయనను వాక్యం చదవమనో ప్రార్థన చేయమనో పిలిస్తే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. అప్పటికీ ఆగకపోతే బిషప్‌గారికి తెలియజేయండి.

ప్రశ్న: తాత్కాలికంగా వచ్చినవారినే శాశ్వత పాస్టరుగా పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దనే మా సలహా. నియామక పత్రంలోనే ఆ మాట రాసుకోండి. తానే ఉండిపోవాలన్న ఆశ ఉన్నవారు చెప్పాల్సిన కఠినమైన మాట చెప్పలేరు. అదే పత్రంలో కాలపరిమితి, వారానికి పని రోజులు, జీతం, ప్రయాణ ఖర్చు, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నదీ ఉండాలి.

ప్రశ్న: రిజిస్టర్లు నేనూ చూడాలా, కార్యదర్శికి వదిలేయవచ్చా?

జవాబు: మీరే చూడండి, అదీ మొదటి నెలలోనే. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందిన పిల్లలు బోధ నేర్చుకుని విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆరాధన), వివాహం, భూస్థాపన రిజిస్టర్లలో పాత పాస్టరుగారి చివరి నెలల నమోదులు చాలాసార్లు ఖాళీగా ఉంటాయి. కుటుంబాలకు తేదీలు, సాక్షుల పేర్లు గుర్తుండగానే పూరించాలి. ఏళ్లు గడిచాక సర్టిఫికెట్ కావాలని వస్తే రాసిచ్చే ఆధారం ఉండదు. పేర్ల స్పెల్లింగు ఇంటివాళ్లకు చూపించి సరిచూడండి.

కన్ఫర్మేషన్ తరగతి ఎక్కడ ఆగిందో కూడా కనుక్కోండి. లూథర్ 1529లో రాసిన చిన్న కాటకిజంలో (విశ్వాస బోధను ప్రశ్నలు, జవాబులుగా చెప్పే పుస్తకం) పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు భోజనం అనే భాగాలున్నాయి. పిల్లలు ఏ భాగం దాకా చదివారో అడిగి అక్కడినుంచే కొనసాగించండి. మీరు వెళ్లేటప్పుడు కూడా ఆ వివరం, ఇంటి దగ్గర ప్రభు భోజనం అందుకునేవాళ్ల జాబితా, చివరిగా ఇచ్చిన తేదీలు కాగితం మీద రాసి కమిటీకి అప్పగించండి.