పెంకు లేని గుడ్లు, గూడు దిగని పెట్ట

ప్రశ్న: సార్, మాకు ఎనిమిది గ్రామప్రియ పెట్టలున్నాయి. దసరా దాకా బాగానే పెట్టాయి, ఇప్పుడు రోజుకు మూడు గుడ్లు వస్తే గొప్ప. పొద్దున గూడు తలుపు తీస్తే పెంకు లేని మెత్తటి గుడ్డు పెంటలో పడి ఉంటోంది. మక్కలు, నూకలు కడుపునిండా వేస్తున్నాం. దిష్టి తగిలిందని మా అత్తమ్మ టెన్షన్ పడుతోంది. (నర్సంపేట దగ్గరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: దిష్టి కాదమ్మా, మేతలోనే ఉంది సంగతి. మక్కల్లో, నూకల్లో కాల్షియం లేనట్టే లెక్క. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టి ఊరుకుంటుంది కాబట్టి పెంట మీద ఏరుకున్నదానితో నెట్టుకొస్తుంది, కానీ గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో గుడ్ల కోసమే తయారుచేసిన రకం, పెరట్లో కూడా 160 దాటి పెడుతుంది. ఒక్కో పెంకుకు 2 గ్రాముల పైనే కాల్షియం పోతుంది, తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి మేతలో రోజుకు 4 గ్రాముల దాకా అందాలి. అందకపోతే ముందు ఎముకల్లోంచి తీస్తుంది, తర్వాత మెత్త గుడ్డు వేస్తుంది, ఆ తర్వాత మానేస్తుంది.

పశువుల మందుల షాపులో గవ్వల చిప్పల పొడి దొరికితే సరే, లేదంటే ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కడిగి, పెనం మీద వేడిచేసి, గుడ్డు ఆనవాలు లేకుండా నలిపి విడిగా ఒక చిప్పలో పెట్టండి. సాయంత్రం పెడితే మరీ మంచిది, ఎందుకంటే పెంకు కట్టడానికి 20 గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. ముక్కలు పెద్దగా ఉంచారో, గుడ్లు పొడుచుకు తినడం మరుగుతాయి, ఆ అలవాటు మాన్పించడం మన వల్ల కాదు. పాన్ సున్నం మాత్రం కలపొద్దు, నోరు, గొంతు కాలిపోతాయి. మక్కలు సగం తగ్గించి ఆ సగం లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) వేయండి, బూజు వాసన వచ్చే మక్కలు అసలే వద్దు.

ఇంకోటి, చలికాలంలో మన దగ్గర పగలు 11 గంటలే. పెట్టకు 14 గంటలైనా వెలుతురు కావాలి. తెల్లవారకముందే గూట్లో చిన్న బల్బు వేయండి, రాత్రి వేస్తే ఆర్పగానే అవి చీకట్లో తడుముకుంటాయి. ఈకలు రాలుతున్న పెట్టను మాత్రం రెండు మూడు నెలలు వదిలేయండి, అది ఏం చేసినా పెట్టదు.

ఏది పెడుతోందో, ఏది మానేసిందో తెలియాలంటే పెట్టను చంకలో ఇరికించుకుని తోక కింద రెండు ఎముకల మధ్య వేళ్లు ఆనించి చూడండి. పెట్టేదానికి రెండు మూడు వేళ్లు పడతాయి, మానేసినదానికి ఒకటే. వేళ్లు పడుతున్నా గూట్లో గుడ్డు లేదంటే పక్కింటి పత్తి కట్టె మోపుల కింద వెతకండి! అన్నీ ఒకేసారి మానేసి, పచ్చగా పారుతూ, మెడలు తిప్పుతుంటే అది ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే కొక్కెర తెగులు (రాణిఖేత్) కావచ్చు, అదే రోజు పశువుల డాక్టర్‌కు చెప్పండి.

ప్రశ్న: మా నాటు పెట్ట గుడ్లన్నీ తీసేసినా ఖాళీ గంపలోంచి లేవడం లేదు, చెయ్యి పెడితే పొడుస్తోంది. (పరకాల)

జవాబు: పొదుగుకు వచ్చింది, రోగం కాదు. పిల్లలు కావాలంటే పది గుడ్లు వేయండి, 21 రోజుల్లో లేస్తాయి. వద్దంటే గడ్డి లేకుండా కింద గాలి ఆడే జాలీ బుట్టలో నాలుగు రోజులు ఉంచండి, మేత, నీళ్లు మామూలుగానే. పొదుగు మాన్పాలని పెట్టను బకెట్ నీళ్లలో ముంచే పని చలికాలంలో పెట్టుకోకండి.

ప్రశ్న: వనరాజా పెట్ట పొద్దుటి నుంచి తోక ఊపుతూ ముక్కుతోంది, గుడ్డు రావట్లేదు. (వర్ధన్నపేట)

జవాబు: గుడ్డు అడ్డుపడింది. గోరువెచ్చని నీళ్లలో పొట్ట మునిగేలా పావుగంట కూర్చోబెట్టి, తుడిచి, గుడ్డు దారికి కొంచెం నూనె రాసి, చీకటిగా వెచ్చగా ఉన్నచోట వదలండి. పొట్ట నొక్కొద్దు, గుడ్డు లోపల పగిలితే పెట్ట దక్కదు. సాయంత్రానికీ రాకపోతే మామునూరు పశువైద్య కళాశాల మీకు దగ్గరే, తీసుకెళ్లండి. బతికి బయటపడ్డాక మక్కలు తగ్గించండి, వనరాజా బరువైన రకం, కొవ్వు పట్టిందంటే మళ్లీ ఇదే తంతు.