జింక్ లెక్క తేలేది పేగు గడపలోనే

ప్రశ్న: జుట్టు రాలుతోందని 3 నెలలుగా రోజూ 50 మిల్లీగ్రాముల జింక్ మాత్ర వేసుకుంటున్నాను. ఎక్కువైంది శరీరమే బయటికి పంపేస్తుంది, నష్టం లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: బయటికి పంపేమాట నిజమే. నష్టం లేదన్నది మాత్రం నిజం కాదండీ.

ఒంట్లో ఉండే జింక్ మొత్తం సుమారు 2 గ్రాములు. ఎక్కువ భాగం కండరాల్లో, ఎముకల్లో ఉంటుంది. ఇనుములా అవసరానికి దాచుకునే చోటు దీనికి లేదు. అందుకే హెచ్చుతగ్గులన్నీ ముఖ్యంగా చిన్నపేగే సర్దుకోవాలి. పేగు కణానికి ఆహారం వైపున జిప్-4 అనే ప్రొటీను జింక్‌ను లోపలికి లాగుతుంది, రక్తం వైపున జెడ్‌ఎన్‌టి-1 దాన్ని దాటిస్తుంది. జింక్ కరువైతే కణం జిప్-4ను పైపొర మీదికి ఎక్కువగా తెస్తుంది. ఎక్కువైతే వెనక్కి తీసుకుని, మెటలోథయోనిన్ అనే ప్రొటీనును తయారుచేసి జింక్‌ను దానికి కట్టేస్తుంది. నాలుగైదు రోజుల్లో ఆ కణం రాలి, జింక్‌తో సహా మలంలో పోతుంది.

చిక్కంతా ఆ మెటలోథయోనిన్‌తోనే. జింక్ కోసం తయారైనా, అది రాగిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రాగి రక్తంలోకి చేరకుండానే కణంతోపాటు రాలిపోతుంది. రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధికి జింక్‌ను మందుగా ఇచ్చేది ఇందుకే. ఆ జబ్బు లేనివారికి ఇదే రాగి లోపమవుతుంది: ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత, తెల్లకణాలు తగ్గడం, ముదిరితే కాళ్ల తిమ్మిర్లు, నడక తూలడం. నరాలకు జరిగిన నష్టం తర్వాత పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ముందు మాత్ర డబ్బా చూడండి. 50 అన్నది లవణం బరువా, అసలు జింకా? జింక్ గ్లూకోనేట్ 50 మిల్లీగ్రాములైతే అందులో జింక్ 7 మిల్లీగ్రాములే. అసలు జింకే 50 అయితే, పెద్దలకు ఆహారంతో కలిపి రోజుకు 40 అన్న అమెరికా పైహద్దును మీరు దాటేశారు. మాత్ర ఆపి, డాక్టరుగారికి ఈ మోతాదు చెప్పి, రక్తకణాల లెక్క, రాగి, సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీను) పరీక్షలు అడగండి.

ప్రశ్న: జ్వరంలో చేసిన రక్తపరీక్షలో జింక్ తక్కువ వచ్చింది. మాత్రలు మొదలుపెట్టాలా?

జవాబు: ఆ ఒక్క ఫలితంతో వద్దు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయం రక్తంలోని జింక్‌ను తనలోకి లాక్కుంటుంది. అంకె పడిపోయినా ఒంట్లోని జింక్ ఎక్కడికీ పోలేదు. భోజనం చేశాక కూడా కాస్త తగ్గుతుంది. జ్వరం పూర్తిగా తగ్గాక, పొద్దున్నే పరగడుపున మళ్లీ చేయించండి.