క్లియర్ కొట్టాక మౌస్ తిప్పితే పైన ఏమీ లేదు

"బిల్డ్ కమాండ్ నడిపిన ప్రతిసారీ టెర్మినల్‌లో పాత అవుట్‌పుట్ మొత్తం పోతోంది, పైకి స్క్రోల్ చేసినా కనపడదు, ఆపేదెలా?" అని అడిగారు. టెర్మినల్ అంటే కమాండ్లు టైప్ చేసే విండో. ఈరోజే ఆపండి. నేను ఆపకపోవడం వల్ల ఏం జరిగిందో ముందు చెప్తాను.

అప్పట్లో ఒక చిన్న కంపెనీలో బిల్లింగ్ డేటాబేస్ చూసేవాణ్ణి. ఒకరోజు రాత్రి పన్నెండు దాటాక, తప్పుగా పడిన పన్ను లెక్కలు దిద్దే స్క్రిప్ట్ నడిపాం. దిద్దిన ప్రతి బిల్లుకీ పాత విలువ, కొత్త విలువ తెర మీద పడేవి. కళ్ళెదుటే కనిపిస్తున్నాయి కదా అని ఫైల్లోకి రాయించలేదు. పక్కనున్న కుర్రాడు ఉద్యోగంలో చేరి మూడు నెలలు. "అయిపోయింది అన్నా, చెక్ రన్ చేస్తా" అంటూ అలవాటుగా క్లియర్ అనే తెర తుడిచే కమాండ్ కొట్టాడు. చెక్‌లో కొన్ని బిల్లులు తేడా వచ్చాయి. "వాటి పాత విలువలు చదువు" అన్నాను. మౌస్ పైకి తిప్పాడు, తెర కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. తర్వాత చెయ్యి మౌస్ మీదే పెట్టి నా వైపు చూశాడు. వాణ్ణి ఏమనగలను? తెర శుభ్రంగా ఉంచుకుని పని మొదలుపెట్టాలని నేర్పింది నేనే. బ్యాకప్ ముందురోజు రాత్రిది, ఆ పగలు కొట్టిన బిల్లులు అందులో లేవు. రసీదు కాపీలు తెప్పించి ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించేసరికి తెల్లారిపోయింది.

ఒకప్పుడు క్లియర్ కనిపించే తెరను మాత్రమే తుడిచేది. 1999లో ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో ఎస్కేప్, స్క్వేర్ బ్రాకెట్, 3జె అనే సీక్వెన్స్ (టెర్మినల్‌కి ఆదేశంగా పంపే అక్షరాల వరస) వచ్చింది, అది పైకి జరిగిపోయిన పాత లైన్లను కూడా చెరిపేస్తుంది. 2011లో లినక్స్ కన్సోల్ కూడా దాన్ని అందుకుంది. 2013లో, క్లియర్‌ను తయారుచేసే ఎన్‌కర్సెస్ వాళ్ళు ఆ కమాండ్‌నే మార్చి దీన్ని అందులో కలిపేశారు. ఆ మార్పు ముమ్మాటికీ తప్పు. ఏళ్ళ తరబడి వేళ్ళకు అలవాటైన కమాండ్‌కి కొత్త అర్థం ఇవ్వకూడదు. పాస్‌వర్డ్‌లు మిగిలిపోతాయి, భద్రత కోసమే అంటారు కొందరు. పాస్‌వర్డ్ తెర మీద పడకుండా చూసుకోవాలి గానీ, దాని కోసం నా పనంతా చెరపడమేంటి?

అసలు ఎవరూ అడగకుండానే తుడిచే టూల్స్ మీద నాకు ఇంకా కోపం. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ను వాచ్ మోడ్‌లో, అంటే ఫైల్ మారగానే తనే మళ్ళీ నడిచేలా, పెడితే ఫైల్ సేవ్ చేసిన ప్రతిసారీ తెర ఖాళీ. కాసేపటి క్రితం ఎర్రర్ ఏమిటో పోల్చి చూసుకునే వీలే ఉండదు. మీ బిల్డ్‌లో జరుగుతున్నది ఇదే అయ్యుంటుంది. దానికి ప్రిజర్వ్‌వాచ్‌అవుట్‌పుట్ అనే ఆప్షన్ ఇవ్వండి. వీట్ అనే బిల్డ్ టూల్ అయితే కాన్ఫిగ్‌లో క్లియర్‌స్క్రీన్‌ను ఫాల్స్ చెయ్యండి.

క్లియర్ సంగతికొస్తే, దానికి మైనస్ ఎక్స్ తగిలిస్తే పాత లైన్ల జోలికి పోదు. బాష్ షెల్ మొదలవగానే చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో, క్లియర్ అంటే క్లియర్ మైనస్ ఎక్స్ అని అలియాస్ (మారుపేరు) పెట్టేయండి. బాష్‌లో కంట్రోల్-ఎల్ కూడా మామూలుగా కనిపించే తెర వరకే. కానీ స్క్రిప్ట్ లోపలున్న క్లియర్‌కి మీ అలియాస్ తెలియదు. అందుకని నేను ఇన్ఫోకంప్ అనే కమాండ్‌కి మైనస్ ఎక్స్ ఇచ్చి టెర్మ్‌ఇన్ఫోను, అంటే టెర్మినల్‌కి ఏ పనికి ఏ సీక్వెన్స్ పంపాలో చెప్పే పట్టికను, బయటికి తీసి, అందులో 3జె సీక్వెన్స్ ఉండే ఈ3 అనే ఎంట్రీ కొట్టేసి, టిక్ అనే కమాండ్‌కి మైనస్ ఎక్స్ ఇచ్చి నా హోమ్ డైరెక్టరీలోకి కంపైల్ చేసుకున్నాను. ఇక ఏ స్క్రిప్ట్‌లో క్లియర్ ఉన్నా నాకు భయం లేదు. సీక్వెన్స్‌ను నేరుగా ప్రింట్ చేసే ప్రోగ్రామ్‌లను మాత్రం ఇది ఆపలేదు, వాటిని టెర్మినలే అడ్డుకోవాలి. మ్యాక్‌లో ఐటర్మ్2 అనే టెర్మినల్ వాడితే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ ఉంది.

టెర్మినల్ లోపలే సెషన్లు నడిపే టీమక్స్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది మామూలుగా దాచేది 2000 లైన్లే, పైగా 3జె వస్తే అదీ తుడిచేస్తుంది. లైవ్ డేటా ముట్టుకునే ముందు స్క్రిప్ట్ అనే కమాండ్ కొట్టి ఫైల్ పేరు ఇవ్వండి. ఎగ్జిట్ కొట్టేదాకా తెర మీద పడిన ప్రతి అక్షరం అందులోకి వెళ్తుంది, మధ్యలో ఎవరు క్లియర్ కొట్టినా సరే.